ఇటలీ దొర బంతి భోజనం

అమెరికా దొర దగ్గర వంట చేసినవాడికి రంగూన్‌లో ఇక నేర్చుకోవలసింది ఏమీ లేదని నేను గట్టిగా నమ్మిన రోజులవి. నా పేరు కూర్మనాథం. భీమిలిలో ఓడెక్కి వచ్చి, ఇక్కడి సేక్కాన్ రేవులో బస్తాలు మోసి, నడుం నొప్పి పడలేక వంటింట్లో దూరినవాణ్ని. నూనె బావుల కంపెనీలో పనిచేసే ఒక అమెరికా దొర, ఆయన దొరసాని నాకు తెల్లవాళ్ళ వంట నేర్పారు.

వాళ్ళ పద్ధతి ఇదీ. మాంసం, ఉడికించిన బంగాళాదుంపలు, పాలూ చీజూ వేసి మెత్తగా చేసిన మకరోనీ, ఆపిల్ పండ్ల గుజ్జు, రొట్టె, వెన్న, అన్నీ ఒకేసారి బల్ల మీదికి రావాలి. పక్కనే పెద్ద కప్పు నిండా పాలు పోసిన కాఫీ. దొర మాంసాన్ని ముందే ముక్కలు కోసుకుని, కత్తి పక్కన పెట్టి, ఫోర్కు కుడిచేతిలోకి మార్చుకుని, ఒక్క పళ్ళెంలోనే అన్నీ కానిచ్చి పనికి పరిగెత్తేవాడు. మంచి మనిషి. ఏదీ మిగిల్చేవాడు కాదు.

ఆ దొరతనం నాకు ఎంత తలకెక్కిందంటే, ఇంట్లో కూడా నా భార్య తాయారమ్మను అన్నీ ఒకే పళ్ళెంలో పెట్టమనేవాణ్ని. పప్పు, చేపల పులుసు, మజ్జిగ, అన్నీ కలిసి ఈదులాడుతుంటే చెంచాతో తినేవాణ్ని.

"ఇది కూడు కాదు మావా, కుడితి" అనేది తాయారమ్మ.

"నీకేటి తెలుసే దొరల తిండి?" అనేవాణ్ని. నా నాలుక కూడా ఆవిడ పక్షమేనని మాత్రం చెప్పేవాణ్ని కాదు.

ఇంతలో ఆ దంపతులు తమ దేశం వెళ్ళిపోయారు. బంగళాతో పాటు పెరట్లో మాకిచ్చిన గదీ పోయింది. సేక్కాన్‌లో తాయారమ్మ అన్న గోవిందు ఉండే కూలీల బారక్‌లో ఒక మూల చీర తెర కట్టుకుని చేరాం. చుట్టూ మగవాళ్ళు, అందరికీ ఒకటే కొళాయి. తాయారమ్మకు నెలలు నిండుతున్నాయి. కాన్పు ఆ తెర చాటునే జరుగుతుందేమోనని గది ఇచ్చే కొలువు కోసం ఊరంతా తిరిగాను.

అప్పుడు దొరికాడు ఇటలీ దొర. పాలరాళ్ళ వ్యాపారి, ఒంటరివాడు. ఇన్సేన్ దారిలో బంగళా, పెరట్లో తలుపూ కిటికీ ఉన్న గది. వంట నచ్చితే గది నీదన్నాడు, రేవులో మాకు అలవాటైన బజారు హిందుస్తానీలో. ఆయన దయకు మురిసిపోయి నా అమెరికా విద్యంతా ఒక్కసారిగా బల్ల మీద పరిచాను.

దొర బల్ల వంక చూశాడు. ఇంట్లో ఇంకెవరైనా భోజనానికి వస్తున్నారా అన్నట్టు నా వంక చూశాడు. మకరోనీ ఒక్కటే దగ్గరికి లాక్కుని, రెండు ముద్దలు తిని, ఫోర్కు కింద పెట్టి, వంటింటి గుమ్మం వైపు చూస్తూ కూర్చున్నాడు. మాంసం చల్లారిపోయింది. పాల కాఫీని చేత్తో దూరంగా తోశాడు. పాపం ఆకలి మందగించిన మనిషి అనుకుని, మర్నాడు మకరోనీని ఇంకాస్త మెత్తగా ఉడికించి, కాఫీలో పాలు ఎక్కువ పోశాను. అదీ నా తెలివి!

శుక్రవారం దొర తేల్చేశాడు. ఆదివారం ఒక స్నేహితుడు వస్తున్నాడు, ఆ భోజనం కూడా ఇలాగే ఉంటే సోమవారం నుంచి వేరే వంటవాడట.

బారక్‌కు వచ్చి తల పట్టుకుని కూర్చున్నాను. తాయారమ్మ సంగతంతా విని అడిగింది.

"మకరోనీ తినేసి ఏటి సేత్తాడు?"

"గుమ్మం కేసి సూత్తా కూకుంటాడే."

"ఓలమ్మో! బంతిలో కూకున్నోడు ఎందుకు సూత్తాడు మావా? రెండో వడ్డన కోసరం కాదేటి? పెళ్ళిలో పప్పూ పులుసూ పెరుగూ ఒక్కపాలే ఆకులో గుమ్మరిత్తారేటి? నీకు దొరల తిండి ఎక్కేసి మన తిండి మర్సిపోనావు."

ఆదివారం తనూ వచ్చింది. వద్దన్నా వినలేదు. నేను మకరోనీ ఇంకా ఉడకాలంటుండగానే గంజి వార్చినట్టు నీళ్ళు వార్చేసింది.

"పలుకుంది కదే!" అని గోల పెట్టాను.

"ఉండాల. ముద్దన్నంతో పులిహోర కలుపుతారేటి?"

టమాటా గుజ్జుతో కలిపిన ఆ మకరోనీని మాత్రమే ముందు పంపింది. అది ముగిశాకే మాంసం. ఆ తరవాత ఆకుకూర, ఆ తరవాత పండ్లు. కాఫీ చిట్టచివర, చిన్న కప్పులో, పాలు లేకుండా. "తోసేత్తన్నాడని నువ్వే సెప్పినావు కదా, మరెందుకు పొయ్యడం?" అంది. నేను గుమ్మానికీ బల్లకీ మధ్య తిరుగుతూనే ఉన్నాను. దొరా స్నేహితుడూ తింటూ, నవ్వుతూ, చేతులూపి కబుర్లు చెప్పుకుంటూ సాయంత్రం దాకా లేవలేదు. మాంసం తింటున్నంతసేపూ కత్తి చేతిలోంచి దించనే లేదు.

చివరికి దొర వంటింటి గుమ్మంలోకి వచ్చి, ఖాళీ పళ్ళెం చూపిస్తూ, మా ఇద్దరి వంకా వేలు ఆడిస్తూ ఎవరు వండారని అడిగాడు. నేను కోటు సర్దుకుని ఒక అడుగు ముందుకు వేశాను.

"వంటా వడ్డనా నాది, మోత ఆయనది. సెప్పు మావా దొరకి" అంది తాయారమ్మ వెనకనుంచి.

ఆవిడకు హిందుస్తానీ రాదు, దొరకు తెలుగు రాదు. ఆ మాట చేరవేయాల్సింది నేను. ఏమని చెప్పినా ఆ ఇద్దరికీ తెలియదు. తాయారమ్మ నడుం మీద చేయి వేసుకుని నిలబడి ఉంది, ముఖం చెమటతో తడిసిపోయింది. ఉన్నదున్నట్టు చెప్పేశాను. దొర పకపకా నవ్వి, గది తాళంచెవి తెచ్చి తాయారమ్మ చేతిలో పెట్టాడు.

మా అమ్మాయి ఆ గదిలోనే పుట్టింది. ఇప్పుడు ఆ ఇంట్లో వంటమనిషి ఎవరంటే తాయారమ్మ. నేను పళ్ళేలు మోస్తాను, కడుగుతాను. మా గదిలో కూడా ఇటలీ పద్ధతే. పప్పన్నం ముగిసేదాకా ఆవిడ పులుసు గిన్నె మూత తీయదు. నేను ఆవిడ చేతి వైపు చూస్తూ కూర్చుంటాను.