యోసేపు పలికించిన క్రియలు

రేడియోలు బాగుచేసే రోజుల్లో యోసేపు షార్ట్‌వేవ్‌లో ఏ స్టేషను దొరికితే అది పెట్టి రేడియో గొంతు సరిచూసేవాడు. అలా ఫ్రెంచి చెవిన పడింది. పాత పుస్తకాలు, క్యాసెట్లు సంపాదించి నోరు తిరిగేదాకా పలికాడు. రేడియోల పని పోయాక సుబేదారిలో ఒక జూనియర్ కాలేజీలో గంటల లెక్కన ఫ్రెంచి చెప్పడానికి కుదిరాడు. ఏడేళ్లయింది. పర్మనెంటు చేస్తామన్న మాటకూ ఏడేళ్లే.

అక్కడ పిల్లలు ఫ్రెంచి తీసుకునేది మార్కుల కోసం. అయినా అతను ప్రతి క్రియారూపాన్నీ బోర్డు మీద ముక్కలు చేసేవాడు. ‘మేం ముగిస్తాం’ అనడానికి ఫి, ని, సోఁ. నడుమ నిలువు గీతలు. ముక్కులోంచి పలకాల్సిన చోట అరసున్న. ముక్కకో చప్పుడు చొప్పున పిల్లలు అరచేతులు కొట్టాలి. ‘వాళ్లు ముగిస్తారు’ అనే రూపం రాతలో పొడుగే గాని నోటికి రెండే ముక్కలు: ఫి, నీస్. మూడో చప్పుడు వినబడిందా, మళ్లీ మొదటికి.

“ఏందన్నా, ఇయ్యాల భజనా?” ఇన్‌ఛార్జి అనిల్ తలుపు దగ్గర నిలబడి నవ్వాడు. “పరీక్షల నోటికి మార్కులున్నయా?”

“భాష నోట్లకెళ్లే వస్తది తమ్మీ.”

వేసవిలో కరస్పాండెంట్ రాజేశ్వర్ రావు పిలిచి కూర్చోబెట్టాడు.

“యోసేపూ, ఆ క్రియలన్ని నీ గొంతుతోని రికార్డు చేసియ్యి. పర్మనెంటు సంగతి ఈసారి నేను చూసుకుంట. ఫికర్ జెయ్యకు.”

ఆ ఎండల్లో ఫ్యాను ఆపి, కిటికీలు మూసి, పదకొండు రోజులు ఫోనులో పలికాడు. ఒక్క ముక్క జారినా చెరిపేసి మళ్లీ మొదలుపెట్టాడు.

కాలేజీ తెరిచిన రోజు అతని తరగతిలో పద్మలత ఉంది. ఇంగ్లిషు చెప్పే ఆమెకే ఫ్రెంచి కూడా అప్పగించారట. యోసేపు నేరుగా ఆఫీసు గదికి వెళ్లాడు. రాజేశ్వర్ రావు తల ఎత్తలేదు.

“సర్టిఫికెట్ లేనోన్ని పర్మనెంటు ఎట్ల జెయ్యాలె, నువ్వే జెప్పు. గొంతైతే మాకాడ ఉన్నది గదా.”

బయటికి వస్తుంటే తరగతిలోంచి తన గొంతే వినిపించింది. వేగం పెంచి పెట్టారు. ముక్కలన్నీ ఒకదాని మీద ఒకటి పడి దొర్లిపోతున్నాయి. పిల్లలు పెదవి కదపకుండా నోట్సు రాసుకుంటున్నారు. వరండాలో అనిల్ ఎదురయ్యాడు.

“జర మెల్లగ పెట్టుమను తమ్మీ. పిల్లలకు ఇనబడాలె.”

“మెల్లగ పెడితే సిలబస్ ఎప్పుడైతదన్నా?” అనిల్ ఆగకుండానే వెళ్లిపోయాడు.

యోసేపు తరగతి కిటికీ దగ్గర నిలబడ్డాడు. కాసేపటికి వాచ్‌మన్ వచ్చాడు.

“అన్నా, క్లాసు నడుస్తాంది. బయటోళ్లు ఈడ నిలవడొద్దంటాండ్రు.”