చీమ దూరని కొట్టం

మా పొగాకు కొట్టంలో చీమ కూడా ఉండేది కాదు. మాటవరసకు అనడం లేదు, నిజంగానే. బల్లి లేదు, సాలెగూడు లేదు, ఎలుక పొరపాటున కూడా తొంగిచూసేది కాదు. పుంగనూరు నుంచి రామసముద్రం పోయే దారిలో మా ఊరు. మిగతావాళ్ల కొట్టాల్లో పిచ్చుకల గోల చెవులకు చిల్లులు పొడిచేది. మా దాంట్లో దూలాలకు వేలాడే పొగాకు తోరణాలు తప్ప కదిలేదేమీ లేదు. ఆ గుమ్మం దాటాలంటే నేను అమ్మ కొంగు పట్టుకునేదాన్ని.

డెబ్బైల చివరి మాట ఇది. మా నాయనకు పొగాకు తప్ప వేరే పంట పంటే కాదు. మంచుకు తడిసిన పచ్చాకు కోసి వచ్చినప్పుడల్లా అమ్మ గోడ పట్టుకుని కూలబడేది. తల తిప్పడం, వాంతులు, చేతులు చల్లబడిపోవడం. చేలో గాలి సోకిందని నాయన ఆమె చేతికి తాయెత్తు కట్టించాడు. తెల్లారితే మళ్లీ చేలోకే. నాకు ఒళ్లు మండిపోయేది.

"నాకు గాలీ లేదు, గీలీ లేదు. ఆ ఆకే నాకు పడల్యా" అని మొత్తుకునేది అమ్మ.

"మాయమ్మ కొయ్యలేదా? మా అవ్వ కొయ్యలేదా? నీకొక్కదానికే వచ్చిందా?" అనేవాడు నాయన.

కుప్పం పక్కన మా మేనమామ పట్టుపురుగులు సాకేవాడు. ఆయన్ని వెంటేసుకుని అమ్మ నాయనతో ఒప్పందం చేసుకుంది. పొగాకు గట్టునానుకుని ఓ చెక్క నేలలో పురుగుల మేతకు మల్బరీ నాటాలి. ఒక్క పంట పురుగులు సాకి పట్టుగూళ్లు చేతికొస్తే నాయన పొగాకు మానాలి. రాకపోతే అమ్మ నోరు మూసుకుని ఆకు కోయాలి.

పట్టుపురుగులకు చీమే యముడు. అందరూ తట్టలుంచే బల్లల కాళ్ల కింద నీళ్ల గిన్నెలు పెట్టి కాపలా కాస్తారు.

"మనకా బాధే లేదు. కొట్టంలో చీమ యాడుండాది?" అన్నాడు నాయన.

అమ్మ కూడా సంబరపడిపోయింది. మల్బరీ ఆకు కోతకు రాగానే కొట్టంలో పొగాకు బయటికి మోసి, పేడతో అలికి, తట్టలు పేర్చింది. కాస్త ఎదిగేదాకా మామ తన ఇంట్లోనే సాకిన పురుగులను తెచ్చి అందులో దించాడు. మేం మల్బరీ ఆకు వేయగానే కొరుకుడు మొదలైంది. కొట్టమంతా సన్నటి జల్లు పడుతున్నట్టు చప్పుడు. ఆ కొట్టంలో ప్రాణమున్న చప్పుడు నేను వినడం అదే మొదలు.

మధ్యాహ్నం మేం అన్నం తింటుండగా ఆ చప్పుడు ఆగిపోయింది.

అందరం పరుగెత్తాం. తట్టల నిండా పురుగులన్నీ సగం ఒళ్లు పైకి లేపి, తలలు మెల్లగా అటూ ఇటూ ఊపుతున్నాయి. ఒక్కటీ ఆకు ముట్టడం లేదు. నోళ్ల నుంచి పచ్చటి నీళ్లు కారుతున్నాయి. నేను గుమ్మం దాకా వెనక్కి వచ్చేశాను.

అమ్మ మాత్రం తట్ట పక్కన చతికిలబడి ఒకదాన్ని వేలితో ముట్టింది.

"తల తిప్పుతాండాది. కక్కుతాండాది. సల్లగా అయిపోయిండాది" అని తనలో తను అనుకుంది. గుమ్మంలో నిలబడిన నాయన వైపు తిరిగింది. "ఏమయ్యా, వీటికి గూడా గాలే సోకిందా?"

నాయన గుమ్మం దాటి లోపలికొచ్చాడు. ఒక్క సాలెపోగు లేని దూలాలను, గోడలను, మూలలను కొత్తగా చూసినట్టు చూశాడు. ఆయన భయపడటం నేనెరగను. ఆరోజు భయపడ్డాడు.

పురుగుల్లో ఒక్కటీ బతకలేదు, ఒప్పందం ప్రకారం ఓడింది అమ్మే. కానీ నాయన చూరులోని కొడవలి తీసి, ఆమె చేతి తాయెత్తు తాడు తెంచేశాడు.

"ఇంక ఆ చేలో కాలు పెట్టొద్దు" అన్నాడు.

మరుసటి ఏడు మా పొలంలో టమేటా, వేరుశనగ, మల్బరీ వేశాం. పురుగులను ఇంట్లోనే, నీళ్ల గిన్నెల మీదే సాకాం. కొట్టం తలుపు మాత్రం చాలా ఏళ్లు ఎవరూ తీయలేదు.

నాకు పెళ్లీడు వచ్చాక ఒక పొద్దున అమ్మ ఆ కొట్టం తలుపు తీసి లోపలి నుంచి కేకేసింది. "ఇట్ల రామ్మా, సూడు!"

గోడ వెంట చీమలు బారుగా పోతున్నాయి. పొయ్యి మీద సంగటి మాడుతోందని చెప్పినా అమ్మ అక్కడి నుంచి లేవలేదు.