గుమ్మంల నిలబడి విన్న ఇంగ్లీషు కవి

“నా పాటలు ఎవలకీ ఇయ్యకే, ఆళ్ల పేరు పెట్టుకుంటరు,” అన్నడు నా మొగడు మల్లయ్య. “నీ పాటలు ఎవడెత్కపోతడయ్యా, ముందు గోలి మింగు,” అన్న నేను. గవే మా ఆఖరి మాటలు, గా రాత్రే పోయిండు.

తెలంగాణ ఉద్యమం జోరు మీదున్న ఏడాది అది. దిల్‌సుఖ్‌నగర్‌ల ఎమ్మే ఇంగ్లీషు ఎంట్రన్సుకు చదివిచ్చే కోచింగ్ సెంటర్ల నేను ఆయాని. నీళ్లు మోసుడు, గంట కొట్టుడు, బోర్డు తుడుసుడు నా డ్యూటీ. క్లాసు ఇడిసే పది నిమిషాల ముందు తడిబట్ట పట్టుకొని గుమ్మంల నిలబడాలె; సారు దిగినంకనే లోపలికి పోవాలె. గందుకే ఏ పాఠమైనా నాకు తోకనే వినబడేది.

మల్లయ్య ఆటో నడిపేటోడు, ఉద్యమం మీద పాటలు కట్టేటోడు. మా కులంల పూడ్చిపెడతరు. పోయినోడు పానంగ చూసుకున్నది పక్కన పెడతరు. నేను పాటల నోట్‌బుక్ ఆయన తల కింద పెట్టిన. ఐదు నెలలైనంక, ఎల్బీ నగర్ మీటింగుల ఒకడు మైకు పట్టి మల్లయ్య పాట పాడి, నేనే రాసిన అన్నడు. గొడవకు పోతే, “రాసిన కాయితం ఏదక్కా, చూపియ్యి,” అని నవ్విండు.

మర్నాడే గుమ్మంల నిలబడి విన్న. సారు గుంటూరాయన. ఎనకట రాణి కాలంల ఒక ఇంగ్లీషు కవి, పెండ్లాం చచ్చిపోతే తన కవితల బుక్కు ఆమెతోనే పూడ్చిండట. ఏడేండ్లకు తవ్వి తీపిచ్చి అచ్చేయించిండట. ఏడేండ్లకు చెడనిది ఐదు నెలలకు చెడుతదా?

మరిదిని ఒప్పిచ్చి బడంగ్‌పేట దిక్కు ఆయనను పూడ్చిన బొందలగడ్డకు పోయిన. పార ముందు బట్టకు తగిలింది. మరిది పక్కకు పోయి కక్కిండు. నేనే చెయ్యి పెట్టిన. నోట్‌బుక్ ముద్దలెక్క ఒచ్చింది, పట్టుకుంటే బురదై వేళ్లకంటింది. ఆయన మొఖం... గది రాయకు బిడ్డా.

పోయి సారుకు చెప్పిన. “పెట్టెలో పెట్టారమ్మా! గట్టి చెక్కపెట్టె. మొదట్లోనే చెప్పానుగా!” అన్నడు. మొదట్ల నేను కింద నీళ్లు మోస్తున్న. మాకు పెట్టె ఉండదు. తెల్లబట్ట, మన్ను, గంతే.

గా పాట ఇంకా వాని పేరు మీదనే నడుస్తున్నది. సదువు చెప్పే కాడ ఇరవై ఏండ్లు చేసి రిటైరైన, తెలిసింది ఇదొక్కటే. తోక విని పనికి దిగొద్దు, ముందు జరిగింది అడగాలె.

సునీతా, నా అన్న బిడ్డవు, ఉన్నదున్నట్టు రాసినవా? జర చదువు, ఇంటా.