గేటు తట్టి నడిచిన మా మేనత్త

పోయిన నెల ఒక ఆదివారం పొద్దున మొయినాబాద్‌లో మెహదీపట్నం బస్సు కోసం నిలబడి ఉన్నాను. చిన్నాన్న ఫోన్ చేశాడు. "అత్త పోయిందిరా. చర్చికి తయారై, చెప్పులేసుకుంటనే ఒరిగిపోయింది" అన్నాడు. నేనెక్కాల్సిన బస్సు వచ్చి వెళ్ళిపోయింది. రోడ్డు దాటి చేవెళ్ళ బస్సెక్కి ఊరికి బయలుదేరాను.

మా మేనత్త ఒక చోట కుదురుగా కూర్చోవడం నేను చూడలేదు. చామంతి తోటల్లో కూలి చేసేది. అన్నం కూడా నిలబడే తినేది. ఆదివారం మాత్రం మా వాడ నుంచి వాగు గట్టు వెంట ఉన్న పాత బండ్ల బాట పట్టి, అవతల చర్చికి, దాని వెనుక సమాధుల తోటకు వెళ్ళివచ్చేది. చిన్నప్పుడు మమ్మల్నీ వెంట తీసుకెళ్ళేది. మా వాళ్ళు అక్కడికి ఎలా వచ్చారో నడుస్తూనే చెప్పేది.

"కరువుల వచ్చిన్రు. ఊర్లె జాగ ఇయ్యలే. వాగు ఒడ్డుకు గుడిసెలేసుకున్నరు. ఇసుకల చెలిమె తవ్వితె నీళ్ళు పడ్డయి. నీళ్ళు పడ్డంక ఇగ ఏడికి పోతరు?"

నేను పెద్దయ్యాక మొయినాబాద్‌లో ఒక వెంచర్ ఆఫీసులో మ్యాపులు గీసే పనిలో చేరాను. ఆ వాగు పక్క భూముల్ని ఫామ్‌హౌస్‌లుగా విడగొట్టే మ్యాపు నాకే వచ్చింది. బాట తీసేయమన్నాడు మేనేజర్. వాగును సన్నటి కాలువగా చూపమన్నాడు. ఒక్క మధ్యాహ్నంలో రెండు పనులూ ముగించాను.

ఎవరు చెప్పారో, అత్త ఆఫీసుకు వచ్చింది. కంప్యూటర్ ముందు నిలబడి చాలాసేపు చూసింది.

"మన వాగేది అల్లుడా?"

"వానకాలమే గదత్తా పారేది."

"మరి వాన పడ్డప్పుడు అదేడికి పోవాలె?"

నేను మౌస్‌తో మ్యాపును పైకి జరిపాను.

"బాటేది?"

"రోడ్డు మీదికెళ్ళి పోవచ్చు. జర దూరమైతది, అంతే."

"మంచిది. గీసుడు నీ పని, నడుసుడు నా పని" అంది. తెప్పించిన చాయ్ తాగకుండానే వెళ్ళిపోయింది.

ఆరు నెలల్లో బాటకు అడ్డంగా గోడ లేచింది, గేటు పడింది. ఊరంతా రోడ్డుకు అలవాటు పడింది. అత్త ఒక్కతే గేటు తట్టింది. మొదటి ఆదివారం వాచ్‌మన్ తియ్యలేదు. ప్రార్థన ముగిసేదాకా అక్కడే నిలబడి వెనక్కి వచ్చింది. మూడో వారానికి అతడే చిన్న తలుపు తీసి పట్టుకున్నాడు.

"ఎందుకత్తా ఈ పంతం?" అని అడిగాను.

"పంతం గాదు బిడ్డా. ఒక్క వారం నడువకుంటె గడ్డి మొలుస్తది."

ఆ తర్వాత మేనేజర్ దగ్గరికి వెళ్ళి బాటను మళ్ళీ మ్యాపులో పెడదామన్నాను. "రిజిస్ట్రేషన్లు అయిపోయినయి, ఇప్పుడా?" అని నవ్వాడు. ఆ మాట అత్తకు చెప్పడానికి నోరు రాలేదు. ఆమె నన్ను ఏనాడూ ఒక్క మాట అనలేదు. అని ఉంటే బాగుండేది. ఇప్పుడు ఏ మ్యాపు ముందు కూర్చున్నా పది నిమిషాలు నిలవలేకపోతున్నాను. లేచి కిటికీ దాకా పోతాను, వస్తాను, గీసిన గీతనే మళ్ళీ చెరుపుతాను.

అత్త పోయిన ఆదివారం సాయంత్రం శవపెట్టెను రోడ్డు మీదుగా ట్రాక్టర్‌లో తీసుకుపోదామన్నారు పెద్దలు.

"వద్దు. బాట మీదికెళ్ళే పోదాం" అన్నాను. నా గొంతు నాకే కొత్తగా వినిపించింది. పాస్టర్ గారు నా వైపు చూసి, సరేనన్నారు.

బాట మీద లేచిన ఫామ్‌హౌస్‌లో ఆ రోజు ఎవరిదో పుట్టినరోజు. బయటికే పాటలు వినిపిస్తున్నాయి. గేటు నేనే తట్టాను. వాచ్‌మన్ తొంగిచూశాడు. మా భుజాల మీది పెట్టెను చూసి, "అవ్వనా?" అన్నాడు.

"సార్‌ను అడుగుతవా?" అన్నాను.

"అవ్వకు ఎవ్వర్ని అడిగేదున్నదన్నా" అంటూ రెండు రెక్కలూ బార్లా తెరిచాడు.

మేం లోపలికి అడుగుపెట్టగానే ఎవరో పాట ఆపారు. కుర్చీల్లో వాళ్ళు ఒక్కొక్కరే లేచి నిలబడ్డారు. కేకు పెట్టిన బల్ల సరిగ్గా మా దారికి అడ్డంగా ఉంది. పట్టుచీర కట్టుకున్న ఒకామె ఒక వైపు, వాచ్‌మన్ ఒక వైపు పట్టుకుని, కొవ్వొత్తులు ఆరకుండా దాన్ని మెల్లగా పక్కకు జరిపారు.