అట్టపెట్టెల ఫ్యాక్టరీలో ఇంటర్‌కమ్

ఎవరు ఎవరితో మాట్లాడతారు, ఎలా మాట్లాడతారు అన్నది నాకు చిన్నప్పటినుంచీ తెగని ఆసక్తి. బస్సులో ముందు సీటువాళ్ళ కబుర్లు వింటూ దిగాల్సిన స్టాపు దాటిపోయిన సందర్భాలు లేకపోలేదు. మా అమ్మ దీన్ని చెడ్డబుద్ధి అనేది. మేనేజ్‌మెంటు చదువులో భాగంగా ఏడాదిపాటు ఏదైనా కంపెనీలో సేల్స్ పని నేర్చుకుని రమ్మన్నప్పుడు, ఆ చెడ్డబుద్ధికి అచ్చంగా సరిపోయే కంపెనీ నాకు దొరికింది. ఒక గదినుంచి ఇంకో గదికి మాట్లాడుకునే ఇంటర్‌కమ్ ఫోన్లను ఆఫీసులకూ ఫ్యాక్టరీలకూ అమ్మేవాళ్ళు. ఆఫీసు బెంగళూరులో, మహదేవపురలో. సెల్‌ఫోన్లు అప్పటికింకా మేనేజర్ల నడుములకే వేలాడుతుండేవి.

ఏడాది చివర ఉద్యోగం ఇస్తామన్నారు, కానీ ఒక షరతు పెట్టారు. ఎవరి సాయమూ లేకుండా సొంతంగా ఒక్క ఆర్డరైనా తేవాలి. తేలేకపోతే సర్టిఫికెట్టు చేతిలో పెట్టి పంపేస్తారు. అప్పుడు నేను మదనపల్లె వెళ్ళి మా చిన్నాన్న ఎరువుల కొట్లో కూర్చోవాలి. చిన్నాన్న మంచివాడే, ఆ కొట్టు వాసనే నాకు పడదు. అయినా అసలు కారణం వాసన కాదు. ఈ ఊళ్ళో నేను ఒక్కదాన్నే బస్సెక్కి, ఒక్కదాన్నే అద్దెగది తాళం తీసుకుని బతకడం మొదలుపెట్టాను. దాన్ని వదులుకోవడం నాకు ససేమిరా ఇష్టం లేదు.

నాతో చేరినవాళ్ళంతా తలా ఒక ఆర్డరు తెచ్చేశారు. ఏడాది ముగింపుకొస్తున్నా నా చేతిలో మాత్రం ఏమీ లేదు. అమ్మడానికి వెళ్ళి చూస్తూ కూర్చుండిపోవడమే నా జబ్బు. ఒక బట్టల ఫ్యాక్టరీలో సూపర్‌వైజరు ఈల వేసి మనుషుల్ని పిలిచేవాడు, ఒక్కొక్కరికి ఒక్కో రకం ఈల. ఒక ప్రెస్సులో యజమాని గాజు తలుపు మీద పెన్సిలుతో కొడితే టీ వచ్చేది, ఉంగరంతో కొడితే గుమాస్తా వచ్చేవాడు. ఇంత చక్కని ఏర్పాటు ఉన్నవాళ్ళకు ఫోనెందుకని నాకే అనిపించేది. మా మేనేజరు తల పట్టుకునేవాడు. "చూడమ్మా, డెమో అయిపోయాక సైలెంట్‌గా కూర్చోకూడదు. వెంటనే ఆర్డర్ అడిగెయ్యాలి. గ్యాప్ ఇచ్చావా, కస్టమర్ థింక్ చెయ్యడం స్టార్ట్ చేస్తాడు. థింక్ చేస్తే మన పని అవుట్!"

అలాంటి రోజుల్లో హొసకోటెలో ఒక అట్టపెట్టెల ఫ్యాక్టరీకి వెళ్ళాను. కె.ఆర్.పురం దగ్గర వేలాడే వంతెన ఇంకా కడుతున్నారు. ఆ దుమ్ము దాటుకుని బస్సు దిగేసరికి నా చీర రంగు మారిపోయింది. రోడ్డు వైపు ఆఫీసు గది, మధ్యలో మిషన్ల షెడ్డు, ఆ వెనక పెద్ద వాకిలి, వాకిలి అవతల ఇల్లు. ఆఫీసులో తెల్లపంచె కట్టుకున్న పెద్దాయన ఒకరు బల్ల ముందు కూర్చుని ఉన్నారు. ఆయనే యజమాని. నాకొచ్చిన కన్నడంలో పరిచయం చేసుకోబోతే చెయ్యెత్తి ఆపారు.

"నీ కన్నడ ఇంటే నా చెవులు నొస్తాండాయమ్మా. తెలుగులోనే చెప్పు. మేమూ ఆ పక్కనుంచి వచ్చినోళ్ళమే, మా తాత కాలంలో."

మా కంపెనీలో ఒక మంచి పద్ధతి ఉండేది. ఇంటర్‌కమ్ అమ్మేముందు ఒక పూట అక్కడే కూర్చుని, ఎవరి కబురు ఎవరికి పోతోందో గమనించి, ఎక్కడెక్కడ ఫోన్లు పెట్టాలో తేల్చాలి. ఆ పని చేయమంటే నాకు పండగే. ఆ పూట నేను చూసినంతలో ఎక్కువ కబుర్లు నడిచింది ఆఫీసుకూ, వెనక ఇంట్లో ఒక గదికీ మధ్య. ఆ గదిలో పెద్దాయన కోడలు కూర్చునేది. ఏ కంపెనీకి ఏ పెట్టెలు, ఎప్పటికి పంపాలి అన్న లెక్కంతా ఆమెదే. ఇంచుమించు నా ఈడుదే, కాస్త పెద్దదేమో. ఆ కబుర్లు మోసేది అత్తగారు. లోపలినుంచి ఆఫీసుకు, ఆఫీసునుంచి లోపలికి, మోకాళ్ళు పట్టుకుని ఆ వాకిలంతా తిరుగుతూనే ఉంది.

"నా మోకాళ్ళు ఈ వాకిట్లోనే అరిగిపొయినాయమ్మా" అంది నా పక్కన కాసేపు కూర్చుని.

ఇంకేం, ఈ ఇంటికి ఫోనెక్కడ కావాలో నాకు తెలిసిపోయింది. ఒకటి కోడలి గదిలో, ఒకటి పెద్దాయన బల్ల మీద. కోడలు ఆఫీసులోకి ఎందుకు రాదు, అడుగుదామని నాకు తట్టనే లేదు. పనిలో తీరిక లేదనుకున్నాను. మా ఇంట్లో మా అమ్మా మా తాతా రోజూ మాటకు మాట అనుకుంటూ పోట్లాడుకునేవాళ్ళు. కోడలూ మామా అంటే నాకు తెలిసింది అదే.

మర్నాడు డెమో సెట్టు తీసుకెళ్ళి వైరు లాగించి, రెండు చోట్లా ఫోన్లు పెట్టాను. నేను కోడలి పక్కన నిలబడి ఏ నంబరు నొక్కాలో చూపించాను. ఆమె నొక్కింది. అవతల పెద్దాయన ఎత్తి, షెడ్డంతా వినిపించేలా "అలో!" అన్నారు.

కోడలు చటుక్కున కుర్చీలోంచి లేచి నిలబడింది. కొంగు భుజాల చుట్టూ నిండుగా కప్పుకుంది. రిసీవరు చెవి దగ్గరే ఉంది, నోరు మాత్రం పెగల్లేదు. అవతలినుంచి "అలో, ఎవురూ?" అని ఇంకోసారి వినిపించింది. అత్తగారు గబగబా వచ్చి ఫోను లాక్కుని "నేనే" అంది. అవతల టక్కున పెట్టేసిన చప్పుడు.

"మా ఇంట్లో కోడలు మామకు ఎదురు నిలబడి మాట్లాడదమ్మా" అంది అత్తగారు, తప్పు తనదే అయినట్టు. "నేనూ మా మామతో ఒక్క మాట మాట్లాడలేదు, ఆయన పొయ్యేవరకూ."

నాకు తల కొట్టేసినట్టయింది. ఆఫీసులోకి వెళ్తే పెద్దాయన నా ముఖం చూడకుండానే "ఎత్తుకపోమ్మా, ఇది మాకు సరిపోదు" అన్నారు. వెంటనే ఆర్డరు అడగమన్న మేనేజరు మాట గుర్తొచ్చింది కానీ, ఏ ముఖం పెట్టుకుని అడుగుతాను? చిన్నాన్న కొట్టు వాసన అక్కడికే వచ్చినట్టు తోచింది. సెట్టు విప్పుదామని వెనక గదికి వెళ్ళాను. కోడలు ఆ ఫోను మీద చెయ్యి వేసి నిలబడి ఉంది.

"కొన్ని దినాలు ఇది ఇక్కడే పెట్టిపోతారా?" అంది మెల్లగా.

"ఉండనీ, సుమ్నే ఊరికే ఎందుకు పీకేది?" అని అత్తగారూ అందుకుంది. "ఆయప్పతో నేను చెప్తా. ఈ పక్కనుంచి నేనే మాట్లాడతా. నా మోకాళ్ళకైనా పనికొస్తాది."

ఆర్డరు లేకుండా సెట్టు వదిలి వచ్చానని మేనేజరు మండిపడ్డాడు. "నెక్స్ట్ వీక్ ఆర్డర్‌తో రా, లేదంటే సెట్‌తో రా. సెట్‌తో వస్తే నీ సర్టిఫికెట్ టైప్ చేయించేస్తా" అన్నాడు.

మళ్ళీ వెళ్ళినప్పుడు అత్తగారు ఆఫీసు గుమ్మం బయట అరుగు మీద కూర్చుని అనపకాయలు ఒలుచుకుంటోంది. నేను లోపల పెద్దాయన ఎదురుగా కూర్చుని, ఎలా మొదలుపెట్టాలా అని లోలోపల మాటలు వెతుక్కుంటున్నాను. ఇంతలో బల్ల మీద ఫోను మోగింది. పెద్దాయన ఎత్తి చెవికి ఆనించుకున్నారు. ఈసారి అలో అనలేదు. లోపలినుంచి సన్నని గొంతు నాకూ లీలగా వినిపించింది.

"అత్తా, చిన్న పెట్టెలు ఇంకా ఆరలేదని మామకు చెప్పు."

"ఏమే, లారీ మధ్యాన్నానికే వస్తాదని ఆ పిల్లకు చెప్పు" అన్నారు పెద్దాయన ఫోనులోకి.

నేను గుమ్మం వైపు చూశాను. అత్తగారు అక్కడే ఉంది. తల ఎత్తకుండా గింజలు చేటలో వేసుకుంటూ తనలో తాను నవ్వుకుంటోంది. నాకు నవ్వొచ్చింది, ఆశ్చర్యమేసింది, అప్పటికప్పుడు ఎవరికైనా చెప్పేయాలని నాలుక దురద పెట్టింది. అక్కడ లేని మనిషిని మధ్యన కూర్చోబెట్టుకుని ఇద్దరూ హాయిగా మాట్లాడేసుకుంటున్నారు.

పెద్దాయన ఫోను పెట్టేసి, నేను చూస్తున్నానని గమనించి కొంచెం సిగ్గుపడ్డారు. కాసేపు వైరు సర్దుతూ ఉండిపోయారు.

"ఆ పిల్ల మా ఇంటికొచ్చి శానా ఏండ్లాయ" అన్నారు. "నేను వస్తాండానంటే గొంతు తగ్గించేస్తాది. ఆ పిల్ల గొంతు ఎట్లుంటాదో ఇన్ని దినాలూ నాకు తెల్దమ్మా."

ఆర్డరు అడగాలన్న సంగతే గుర్తు లేదు.

"దీంట్లో సౌండు ఇంగ కొంచెం ఎక్కువ చేసేకి అయితాదా? శానా మెల్లగా మాట్లాడతాది" అని అడిగారు.

ఫోను తిరగేసి, అడుగున ఉన్న చిన్న చక్రం చూపించాను. ఆయన దాన్ని చివరికంటా తిప్పేశారు. "సరే, రాసుకో. షెడ్డుకు కూడా ఒకటి" అన్నారు. నాకు లేచి గంతు వేయాలనిపించింది. బెంగళూరు ఇక నాదే, నా గది తాళం నాదే. ఆర్డరు రాస్తూ ఉన్నాను.

"లోపలికి ఏ నంబరు ఒత్తల్ల?" అన్నారు. చెప్పాను. ఆయన ఒక్కో బటనూ వెతుక్కుంటూ నొక్కారు. అవతల ఎత్తిన చప్పుడైంది.

"ఏమే" అని ఆగారు. చెప్పడానికి పని కబురేదీ ఆయన దగ్గర లేదు. బయట అనపకాయల చప్పుడు ఆగిపోయింది. "ఆ పిల్ల అన్నం తినిందా, అడుగు."

సౌండు పెంచి ఉంది కాబట్టి, అవతలినుంచి వచ్చిన మాట గదిలో ఉన్న నాకూ, గుమ్మం బయట ఉన్న అత్తగారికీ స్పష్టంగా వినిపించింది.

"తిన్నాను మామా. మీరు తిన్నారా?"