కెప్టెన్ నిక్కరుకు పెట్టిన గంజి

బందరులో మా పేట ఫుట్‌బాల్ జట్టు బట్టలు మా ఆయనే ఉతికి ఇస్త్రీ చేసేవాడు. ఆట ఉందంటే పని మానేసి మైదానం గట్టున నిలబడేవాడు. జట్టు ఓడిపోతే ఇస్త్రీపెట్టెలో బొగ్గులు రాజేస్తూ నాతో ఒకటే మాట: "అందరూ గోలు దగ్గరే కాపలా ఉంటే ముందుకెళ్ళి కొట్టేదెవడే?"

అలా ఆడించేది కెప్టెన్. గుడివాడ వాళ్ళ చేతిలో మూడోసారి ఓడాక, మా ఆయన కసితీరా అతని నిక్కరుకు చిక్కటి గంజి పెట్టాడు. తర్వాతి ఆటలో తొడలు ఒరుసుకుపోయిన కెప్టెన్ కుంటుకుంటూ మా గుమ్మానికి వచ్చాడు.

"ఏమయ్యా, ఇది నిక్కరా, అట్టముక్కా? దీంతో ఎలా పరిగెత్తాలి?"

"తమరు పరిగెత్తరు కదండీ. నిలబడ్డానికి బాగుంటుందని పెట్టాను."

దాంతో జట్టు బట్టలు మాకు రావడం ఆగిపోయింది. అయినా గుడివాడలో ఆటకి ఆయన రైలెక్కి వెళ్ళాడు. మళ్ళీ అదే కాపలా, మళ్ళీ ఓటమి.

ఆ రాత్రి ఇంటికొచ్చాక, "మనల్ని కాదన్నవాళ్ళు ఓడారు, కసి తీరిందిగా మావా, తిను" అన్నాను. కలిపిన అన్నం వదిలేసి చెయ్యి కడిగేసుకున్నాడు.

గుడివాడ మీద మా జట్టు గెలుపు చూడకుండానే ఆయన పోయాడు. కెప్టెన్ పరామర్శకు వచ్చాడు.

"మా ఆటంటే ప్రాణం పెట్టేవాడమ్మా."

"ఒక్కసారి గెలిచి చూపించాల్సిందండీ" అన్నాను.

అతను తలొంచుకున్నాడు. కూర్చోమని నేను అనలేదు.