ఆపడం నేర్పిన పక్కింటి అక్క

నా చిన్నప్పుడు, నందిగామలో మేముండే వీధిలో మోపెడ్ నడిపే ఆడమనిషి మా పక్కింటి అక్క ఒక్కతే. ఆసుపత్రిలో నర్సు. పిల్లలకు టీకాలు వెయ్యడానికి వీరులపాడు వైపు ఊళ్లన్నీ ఆ బండి మీదే తిరిగేది. పొద్దున్నే చీర కుచ్చిళ్లు ఎత్తి దోపుకుని, టీకాల డబ్బా వెనక కట్టుకుని, పెడల్ తొక్కి బండి స్టార్టు చేస్తుంటే నేను గుమ్మంలో నిలబడి చూసేదాన్ని.

అప్పుడు నాకు పద్నాలుగేళ్లు. నాకూ నేర్పమని ఎన్నిసార్లు అడిగినా, పదహారు నిండాక చూద్దామనేది. రోజూ చూసి చూసి నాకు అంతా వచ్చేసినట్టే ఉండేది. పిడి తిప్పితే బండి పోతుంది, ఇంకేముంది అనుకున్నాను.

ఒక ఆదివారం మధ్యాహ్నం అక్క భోంచేసి పడుకుంది. బండి వాళ్ల అరుగు పక్కన ఉంది. దానికి తాళం ఉండేది కాదు. చప్పుడు కాకుండా వీధి చివరిదాకా నెట్టుకెళ్లి, స్టార్టు చేసి ఎక్కాను. ఊరి బయట రోడ్డు ఖాళీగా ఉంది. రెండు వైపులా మిరపకాయలు ఆరబోసిన కళ్లాలు. గాలి మొహానికి కొడుతుంటే నా అంతటిది లేదనిపించింది. అంతలో ఒక ముసలామె కాయల తట్ట తలమీద పెట్టుకుని కళ్లంలోంచి రోడ్డు మీదికి వచ్చింది. ఆపాలని తెలుసు. ఎలా ఆపాలో నా చేతులకు తెలియలేదు. భయంతో పిడిని ఇంకా తిప్పేశాను. ఆమె పడింది, నేనూ పడ్డాను. కాయలు రోడ్డంతా చెల్లాచెదురయ్యాయి. ఆమె కుడిచేతిని ఎడమచేత్తో పట్టుకుని అలాగే కూర్చుండిపోయింది.

ఆమె మణికట్టు విరిగింది. మోకాలి కింద జానెడు మేర చర్మం లేచిపోయింది. కబురు తెలిసి అక్కే పరుగున వచ్చి ఆమెను ఆసుపత్రికి తీసుకెళ్లింది. సాయంత్రం మా నాన్న నన్ను కొట్టడానికి చెయ్యెత్తితే అడ్డం వచ్చింది.

"కొడితే రేపటికి మర్చిపోద్ది బాబాయిగారూ. పిల్లని నాకు వదిలెయ్యండి," అంది.

మర్నాడు పొద్దున్నే దూది, కట్టుగుడ్డ, మందు సీసా నా చేతిలో పెట్టి ఆ ముసలామె ఇంటికి తీసుకెళ్లింది. మోకాలి కింది కట్టు విప్పి నన్ను చూడమంది. చూశాను. ఇప్పుడు నువ్వే కడుగు అంది. మందు తగలగానే ఆమె పళ్లు బిగబట్టింది. నాకు ఏడుపు ఆగలేదు.

"ఏడవమాక అమ్మాయ్. నువ్వేడిస్తే నాకింకా సలుపుద్ది," అంది ఆమే.

నెల పైనే వెళ్లాను, రోజూ బడికి ముందు. మొదట్లో అక్క తోడొచ్చేది, తర్వాత నన్నొక్కదాన్నే పంపేది. మామ్మా అని పిలవడం అలవాటైంది. మామ్మ తన జుట్టు తను ముడేసుకోలేదు, అన్నం కలుపుకోలేదు. రెండూ నేనే చేసేదాన్ని. ఆ ఏడు ఆమె మిరపకోతకు వెళ్లలేకపోయింది. పుండు మానింది గాని, మణికట్టు వంకరగానే అతుక్కుంది. అది నేను చేసిన వంకర. ఆ మాట నాతో ఎవరూ అనలేదు.

పదహారు నిండాక నేను బండి ఊసే ఎత్తలేదు. అక్కే దగ్గరుండి నేర్చుకునేవాళ్లకిచ్చే లైసెన్సు ఎల్లెల్లార్ ఇప్పించి, సెలవుల్లో హైస్కూలు గ్రౌండుకి రమ్మంది. రానన్నాను.

"అప్పుడు నీకు భయం లేదు. ఇప్పుడు వచ్చింది. ఇప్పుడైతే నేర్పొచ్చు, పద," అంది.

వారం రోజులు ఇంజను స్టార్టు చెయ్యనివ్వలేదు. నేను కూర్చుంటే తను వెనక నుంచి నెట్టేది. ఎప్పుడు ఆపమంటుందో తెలియదు. అన్న వెంటనే రెండు బ్రేకులూ కలిపి, మెల్లగా మొదలుపెట్టి బిగించాలి, కాళ్లు నేలకు ఆనించాలి. ముందు బ్రేకు ఒక్కటే గట్టిగా పడితే చక్రం ఎలా జారుతుందో ఇసుకలో చూపించింది. ఆ తర్వాతే ఇంజను. సున్నంతో గీసిన గీతల మధ్య నడకంత నెమ్మదిగా పోవడం, మలుపు తిరిగే ముందు భుజం మీదుగా వెనక్కి చూడడం. ఒకసారి చూడకుండా తిప్పినందుకు నన్ను దింపి, గ్రౌండు చుట్టూ బండి నెట్టించింది. కోపం తెచ్చుకోవడం మాత్రం ఎప్పుడూ చూడలేదు.

లైసెన్సు వచ్చిన రోజు అక్కని అడిగి బండి తీసుకుని మామ్మ ఇంటికి వెళ్లాను. ఆమె కూతురి ఊరు పెనుగంచిప్రోలుకి బయల్దేరుతోంది. బస్టాండులో దింపుతానన్నాను. బండి వైపు చూసింది.

"ఆపడం వచ్చా అమ్మాయ్?"

"వచ్చు మామ్మా."

మామ్మ ఎక్కి కూర్చుని, ఆ వంకర చెయ్యి నా భుజం మీద వేసింది. బయల్దేరేటప్పుడు వేళ్లు గట్టిగా దిగబడ్డాయి. బజారు దాటేసరికి పట్టు వదులైంది. నన్ను నమ్మిందని అప్పుడు తెలిసింది. బస్టాండు దాకా కళ్లు తుడుచుకోవడానికి కూడా పిడి మీంచి చెయ్యి తియ్యలేదు నేను.

ఇప్పుడు నాకు అరవై దగ్గర పడుతున్నాయి. మామ్మా లేదు, అక్కా లేదు. జగ్గయ్యపేటలో మా వీధి ఆడపిల్లలకు స్కూటర్ నేర్పుతుంటాను. వారం రోజులుగా నెట్టడమేనా ఆంటీ అని విసుక్కుంటారు. నవ్వి ఊరుకుంటాను. బండెక్కిన ప్రతిసారీ మామ్మ చెయ్యి నా భుజం మీద ఉన్నట్టే ఉంటుంది. దాని పట్టు మళ్లీ బిగుసుకోకుండా చూసుకుంటూ నడుపుతాను.